తిలాపాపం తలా పిడికెడు: తప్పు పంచితే తగ్గుద్దా?

దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడి ఓ ఇరవై రోజులైంది అనుకుందాం. భీమవరానికీ ఆకివీడుకీ మధ్యలో ఎక్కడో రెండెకరాల వరి చేను, గట్టుకి అవతల ఐదెకరాల రొయ్యల చెరువు. పొద్దున్నే చేలోకి దిగిన రైతుకి చెరువు వైపున్న మూడు నాలుగు వరసల్లో ఆకుల కొసలు నిప్పు తగిలినట్టు ఎర్రబడి కనిపిస్తాయి, మడి అంచున మట్టి ఆరినచోట తెల్లగా పొర కట్టి ఉంటది, వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. వరికి ఉప్పు పడదు, అందులోనూ లేత మొక్కగా ఉన్నప్పుడూ పొట్ట మీద ఉన్నప్పుడూ అస్సలు తట్టుకోలేదు, ఇది అక్కడ చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

రైతు చెరువు గట్టెక్కి అడుగుతాడు, ఏరా అబ్బాయ్ నీ నీళ్ళు నా చేలోకి ఊరిపోతన్నాయి కదరా అని. చెరువు కౌలుకి చేసే కుర్రాడేమో, "బాబాయ్, గట్టు నేను వేసింది కాదండి, ఓనరు గారు ఎలా తవ్వించి ఇచ్చారో అలాగే ఉంది, నేను ఏడాదికి ఇంతని కట్టి చేసుకుంటన్నాను, ఆయ్" అంటాడు. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ చేస్తే, చుట్టూ అందరూ తవ్వేశాకే కదండీ నేను తవ్వించింది, మధ్యలో నా చేను ఒక్కటీ వరి వేస్తే పండుద్దా, అయినా పర్మిషన్ ఇచ్చినోళ్ళని అడగండి అంటాడు. పర్మిషన్ ఇచ్చిన ఆఫీసులో అడిగితే చెరువు చుట్టూ ఊరిన నీళ్ళని పట్టుకునే చిన్న కాలవ, ఊట బోదె, తవ్వమని కాయితంలో రాశాం, తవ్వకపోతే మా తప్పా అంటారు. టీకొట్టు దగ్గర ఇంకొకాయన కలగజేసుకుని, అసలు కాలవకి నీళ్ళు సరిగ్గా వదిలితే ఉప్పు కిందకి దిగిపోను, తప్పంతా పైన ఇరిగేషనోళ్ళదే అని తేల్చేస్తాడు. నీళ్ళేమో ధవళేశ్వరం నుంచి కిందకి వస్తాయి, తప్పు మాత్రం ఎదురీదుకుంటూ సాయంత్రానికల్లా ధవళేశ్వరం చేరుద్ది.

ఇందులో తమాషా ఏంటంటే ఎవరూ అబద్ధం ఆడలేదు. కుర్రాడు చెప్పింది నిజమే, ఓనరు చెప్పింది నిజమే, ఆఫీసు చెప్పిందీ నిజమే కావచ్చు, కానీ ఇన్ని నిజాలు కలిపినా చేను ఎర్రబడినందుకు జవాబుదారీ ఒక్కడూ తేలడు. మన సామెత ఒకటుంది కదా, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అని, సరిగ్గా అదే, కాకపోతే ఇక్కడ రొయ్యలు చెరువులో భద్రంగా ఉన్నాయి, మాయమైంది వరి.

ఈ గొలుసు కొత్తదేం కాదు. భారతంలో ఆనుశాసనిక పర్వం మొదట్లోనే ఉంది. యుద్ధమంతా అయిపోయాక ఇంతమంది చావుకి నేనే కారణం అని ధర్మరాజు కుమిలిపోతుంటే అంపశయ్య మీదున్న భీష్ముడు ఒక కథ చెప్తాడు. గౌతమి అనే ముసలావిడ కొడుకుని పాము కరిచి చంపేస్తది, ఒక వేటగాడు ఆ పాముని పట్టి కట్టేసి తీసుకొచ్చి ఎలా చంపమంటావో చెప్పు తల్లీ అంటాడు. పాము అంటది, నాకేం తెలుసు, మృత్యువు పంపితే వచ్చాను, నేను ఒట్టి పనిముట్టుని. మృత్యువు వచ్చి నన్ను కాలం పంపింది అంటది. కాలం వచ్చి, మా ముగ్గురిదీ కాదు, ఆ పిల్లాడి కర్మే వాణ్ణి చంపింది అంటది. మన చెరువు గట్టు సీనుకీ దీనికీ పాత్రలు మారాయంతే.

ఈ కథని చాలామంది ఓదార్పు కథగా చెప్తారు, అది ఓదార్పే, ఎందుకంటే ఆఖర్న గౌతమి అంతా కర్మ అనుకుని పాముని వదిలేయమంటది. కానీ ఒక్క విషయం గమనించాలి. కర్మ అన్న మాట గౌతమి నోట్లోంచి వస్తే అది క్షమ, పోగొట్టుకున్నది ఆవిడ కాబట్టి ఆవిడకి ఆ మాట అనే హక్కుంది. అదే మాట పాము నోట్లోంచి వస్తే తప్పించుకోడం. మాట ఒకటే, అనేవాళ్ళని బట్టి బరువు మారిపోద్ది. "మనం ఏం చేస్తాం, రాసిపెట్టుంది" అని చేను పోయినోడు అనుకుంటే వాడి మనసు కుదుటపడుద్ది, చెరువోడు అంటే మాత్రం ఒళ్ళు మండుద్ది. మన పరామర్శల్లో సగం గొడవలు ఇక్కడే వస్తాయి, గుద్దినోడి తాలూకా వాళ్ళు ఇంటికొచ్చి విధి అండీ అంటారు, లోపల్నుంచి ఎవరో చెంబు విసిరేస్తారు.

తెలుగులో తప్పించుకోడానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది, అది క్రియల్లో ఉంది. గ్లాసు పగిలింది, పాలు పొంగిపోయాయి, గట్టు తెగింది, లేట్ అయిపోయింది, పొరపాటు జరిగిపోయింది. పగలగొట్టాను అనాల్సినచోట పగిలింది అంటే సరిపోద్ది, మనిషి వాక్యంలోంచి మెల్లగా తప్పుకుంటాడు. పక్కోడు చేస్తే మాత్రం వెంటనే వాక్యం మారిపోద్ది, నువ్వు పగలగొట్టావ్. ఏ ఇంట్లో అయినా ఒక రోజంతా చెవి పెట్టి వినండి, నా పనులన్నీ వాటంతటవే అవుతుంటాయి, మిగతావాళ్ళ పనులన్నీ వాళ్ళు చేస్తుంటారు.

సరే, మరి నిజంగానే ఎవరి చేతిలోంచి జరిగిందో వాళ్ళదే తప్పా అంటే అదీ కాదు. కోనసీమలో మామిడికుదురు దగ్గర నగరం ఊరు, 2014 జూన్ 27 తెల్లవారుజాము. గెయిల్ పైపులైనులోంచి రాత్రంతా గ్యాస్ లీకై ఊళ్ళో మంచులా పరుచుకుంది, ఎక్కడో ఒకచోట నిప్పు తగిలింది, అంతే, కొబ్బరి చెట్లతో సహా మాడిపోయాయి, 20 మందికి పైగా చనిపోయారు. టీకొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుంది అని అప్పట్లో వార్తలు వచ్చాయి. అది నిజమే అనుకుందాం. కారణం ఏంటి అని ఫైరింజను ఆయన్ని అడిగితే నిప్పురవ్వ అంటాడు, ఆ లెక్కన అగ్గిపుల్ల గీసిన చెయ్యి కారణమే. కానీ రోజూ తెల్లారి పొయ్యి వెలిగించుకునే మనిషిని నీవల్లే ఊరు కాలింది అనగలమా? అనలేం. ఆ చేతికి తెలీదు, తెలుసుకునే బాధ్యతా దానిది కాదు. గ్యాస్ వాసన వస్తోందని ఎప్పట్నుంచో చెప్తున్నాం, పట్టించుకోలేదు అని ఊరివాళ్ళు అప్పుడు మొత్తుకున్నారు. పైపు ఎప్పుడు తుప్పు పడుద్దో, ఎప్పుడు మార్చాలో తెలుసుకోడమే ఉద్యోగంగా జీతం తీసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ ఉదయం వాళ్ళెవరూ ఏమీ చెయ్యలేదు, పడుకుని ఉన్నారు, చెయ్యకపోవడమే అక్కడ చేసిన పని.

అంటే కారణం వేరు, తప్పు వేరు. రెండువేల మూడొందల ఏళ్ళ కిందట అరిస్టాటిల్ చెప్పింది కూడా ఇంచుమించు ఇదే, బలవంతంగా చేయించినదానికీ తెలియక చేసినదానికీ మనిషిని పట్టుకోకూడదని. అయితే ఆయన వెంటనే ఒక మెలిక పెట్టాడు, తెలియకపోవడానికి నువ్వే కారణమైతే ఆ సాకు చెల్లదు, తాగి చేసినోడు తెలీక చేశా అంటే కుదరదు అని. ఈ మెలికే అసలు సంగతి. మన దగ్గర "తెలీదండి" అనేది రెండు రకాలు. ఒకటి టీకొట్టు మనిషి తెలీదు. రెండోది, చెరువు కింద ఊట ఎటు పోతోందో చూస్తే బోదె తవ్వించాలి, తవ్విస్తే ఖర్చు, అందుకని గట్టు అవతలికి వెళ్ళి చూడనే చూడకపోవడం. ఈ రెండో తెలీదు చాలా ఖరీదైన తెలీదు, దాన్ని జాగ్రత్తగా పెంచి పోషించాలి, చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లకి కరెంటు పెట్టినట్టు.

వయసు సంగతి కూడా ఇక్కడే ఒక ముక్క. మాండవ్యుడి కథ గుర్తుందా, చేయని దొంగతనానికి కొరత వేయించుకున్న ముని. యముడి దగ్గరకెళ్ళి ఏ పాపానికి నాకీ శిక్ష అంటే, చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు అంటాడు. తెలిసీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని యముడికే శాపం పెట్టి, పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కాదని కట్టడి చేస్తాడు. ఇది ఆదిపర్వంలోది, అంటే రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ తెలుగు చేసిన భాగం. మన చట్టంలో అయితే ఏడేళ్ళ లోపు పిల్లలు చేసింది అసలు నేరమే కాదు. అంకెలు వేరు గానీ తెలివి వచ్చాకే తప్పు పుడుద్ది అన్న లెక్క రెండిట్లోనూ ఒకటే.

ఇప్పుడు తిరకాసు కేసు. ఏటిగట్టు మీద రోడ్డు, ఒకపక్క కాలవ, ఒకపక్క ఇళ్ళు, ఆటో నడిపే మనిషి మెల్లగానే వస్తున్నాడు, తాగలేదు, ఫోన్ మాట్లాడట్లేదు, బ్రేకులు బాగున్నాయి. ఇంటి వాకిట్లోంచి బంతి వెనక ఒక పిల్లాడు పరిగెత్తుకొచ్చి ఆటో కింద పడ్డాడు. చూసినోళ్ళందరూ అతని తప్పేం లేదన్నారు, పోలీసులూ అదే రాసుకున్నారు. కానీ ఆ మనిషి పది రోజులు అన్నం ముట్టడు, ఆటో తాళం భార్యకి ఇచ్చేస్తాడు, ఆసుపత్రి బయట చెట్టు కింద కూర్చుంటాడు. నీ తప్పేముందిరా, నువ్వేం చేస్తావు అని అందరూ చెప్తారు, చెప్పాలి కూడా. అయితే మొదటి రోజే "అవునండీ, నా తప్పేం లేదు" అని కిరాయికి వెళ్ళిపోతే? చెప్పినోళ్ళే ముక్కున వేలేసుకుంటారు, వీడు మనిషేనా అంటారు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు ఫిలాసఫర్ 1976లో ఇలాంటి డ్రైవర్ గురించే రాశాడు, తప్పు లేకపోయినా తన చేతుల మీదుగా జరిగినందుకు పడే బాధ ఒకటుంటది, అది పక్కన నిలబడి చూసినోడి బాధ లాంటిది కాదు అని. తప్పు లేదు, బాకీ ఉంది. మన ఊళ్ళలో ఈ బాకీని జనం ఏ ఫిలాసఫీ లేకుండానే తీరుస్తుంటారు, పళ్ళు పట్టుకెళ్ళడం, ఆసుపత్రి బిల్లులో చెయ్యి వెయ్యడం, ఆ పిల్లాణ్ణి స్కూలుకి డబ్బులు తీసుకోకుండా దింపడం.

దీనికి తిరగేస్తే ఇంకోటి. అదే గట్టు మీద ఇద్దరు తాగి బండి నడుపుతారు, ఒకడికి ఎవరూ అడ్డం రారు, ఇల్లు చేరి పడుకుంటాడు, రెండోవాడికి ఎవరో అడ్డం వస్తారు. చేసిన వెధవపని ఇద్దరిదీ ఒకటే. చట్టం మాత్రం రెండోవాణ్ణే గట్టిగా పట్టుకుంటది, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్ళ దాకా, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ళ దాకా. మొదటివాడికి దొరికితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు, దొరక్కపోతే పొద్దున్నే కాఫీ. చట్టం అలా ఉండటానికి దాని కారణాలు దానికుంటాయి, జరగని చావుకి శిక్ష వెయ్యలేదు కదా. కానీ మొదటివాడు పొద్దున్నే పేపర్‌లో రెండోవాడి వార్త చదివి "ఛీ, వెధవ" అంటాడు చూడండి, అక్కడ మాత్రం ఏ కారణమూ లేదు.

చట్టం ఇంకో తెలివైన పని చేసింది, తప్పు ఎవరిదో తేలకపోయినా నష్టం ఎవరు భరించాలో తేల్చేసింది. ఇంగ్లాండులో 1868లో రైలాండ్స్, ఫ్లెచర్ కేసని ఒకటి తేలింది, చూస్తే అచ్చం మన చెరువు తగువే. రైలాండ్స్ తన మిల్లు కోసం కాంట్రాక్టర్లతో ఒక చెరువు తవ్వించుకున్నాడు, కింద ఎప్పటివో పాత గని దారులుంటే వాటిగుండా నీళ్ళు పోయి ఫ్లెచర్ బొగ్గుగని మునిగిపోయింది. రైలాండ్స్‌కి ఆ దారుల సంగతి తెలీదు, అతని నిర్లక్ష్యం కూడా ఏం లేదు, అయినా కోర్టు నువ్వే కట్టాలంది, నీ లాభం కోసం నీ స్థలంలోకి తెచ్చి పెట్టుకున్నది తప్పించుకుని పోయి పక్కోణ్ణి ముంచితే నీదే పూచీ అని. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో 1986 డిసెంబర్‌లో మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళి, ప్రమాదకరమైన పరిశ్రమలకి దైవాధీనం, మూడోవాడు చేశాడు లాంటి సాకులు కూడా చెల్లవంది. నువ్వు చెడ్డోడివి అని ఎవరూ అనట్లేదు, లాభం నీది అయినప్పుడు ఊట కూడా నీదే అంటున్నారు. ఇది అర్థమైతే చెరువు గట్టు మీద సగం అరుపులు తగ్గుతాయి, ఎందుకంటే మన తగువుల్లో నష్టం కట్టడం అంటే తప్పు ఒప్పుకున్నట్టే అని భయం, అందుకే ఎవడూ జేబులో చెయ్యి పెట్టడు.

ఇక అసలు ముడి, తలా కొంచెం చేసిన తప్పు. ధవళేశ్వరంలో గోదావరి మీద ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా మొత్తం ఒకే నీళ్ళ యంత్రం అయిపోయింది, 10 లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు, ఒకడి చేలోంచి ఇంకొకడి చేలోకి నీళ్ళు, ఒకడి మురుగు ఇంకొకడి బోదెలోకి. కొండ ప్రాంతంలో ఒక మనిషి చేసిన పని వాడి చుట్టూనే ఉండిపోవచ్చు, ఇక్కడ ఉండదు, పారుద్ది. దాళ్వాలో వంతులవారీ నీళ్ళు ఇచ్చేటప్పుడు ఒక పంటకాలవ మీద 200 మంది రైతులు ఉన్నారనుకుందాం, ఎగువ నుంచి ఒక్కొక్కరూ తన వంతు అయ్యాక ఇంకో అరగంట తూము మూయలేదు, అరగంటే కదా, దానికేం మునిగిపోద్ది. రెండొందల అరగంటలు అంటే 100 గంటలు, నాలుగు రోజుల పైన నీళ్ళు. శివారు భూములోళ్ళు పలుగు పట్టుకుని బోదె దగ్గర కూర్చుంటే నాలుగు రోజులు బురద తప్ప ఏమీ రాదు. ఎగువోణ్ణి ఎవరినైనా పట్టుకుని అడిగితే నా అరగంటతో నీ చేను ఎండిందా అంటాడు, ఎండలేదు, నిజమే. అందరూ కలిసి కాలవ తూములు చూసుకునే లస్కరుని తిడతారు, ఎందుకంటే ఆయన ఒక్కడే, కనిపిస్తాడు, తిరిగి ఏమీ అనలేడు.

గుర్రపుడెక్క పట్టిపోయిన డ్రెయిన్లూ అంతే. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే మొదటి పంట, వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు గోడు కూడా వినిపించింది, చేలోంచి నీళ్ళు దిగట్లేదు అని. ఒక డ్రెయిన్ పూడటానికి పైనుంచి పూడిక తీయని కాంట్రాక్టూ ఉంటది, గట్టు కలిపేసుకున్న ఆసామీ ఉంటాడు, ప్లాస్టిక్ కవరు విసిరే మనమూ ఉంటాం. ఇలాంటప్పుడు జనం చేసే లెక్క ఎలా ఉంటదంటే, తప్పు అనేది ఒక ఆస్తి లాగా, అన్నదమ్ములు పంచుకుంటే తలా ఎకరం వచ్చినట్టు, రెండొందల మంది కలిసి చేస్తే నా వాటా రెండొందల్లో ఒకటి, అంటే దాదాపు సున్నా. ఇంకొకడి తప్పు ఎత్తి చూపించిన ప్రతిసారీ నా వాటా ఇంకాస్త తగ్గినట్టు లోలోపల హాయి. అందుకే మన వాదనల్లో వాడు చెయ్యలేదా అన్నంత తొందరగా ఇంకే మాటా రాదు.

తప్పు అలా పంచుకునేది కాదు. ఇద్దరు కలిసి ఒకణ్ణి కాలవలోకి తోసేస్తే చెరి సగం హత్య కాదు కదా, ఇద్దరూ నిండుగా హంతకులే, మూడోవాడు చెయ్యేస్తే మొదటి ఇద్దరికీ డిస్కౌంట్ రాదు. మన సామెతలో ఇది ఎప్పుడో ఉంది, తిలాపాపం తలా పిడికెడు. అందరూ కలిసి పంచుకున్నారు అన్న అర్థంలో వాడేస్తాం గానీ మాట ప్రకారం చదవండి, తిల అంటే నువ్వుగింజ. నువ్వుగింజంత పాపం, పంచితే తలా ఇంత తునక రావాలి, కానీ పిడికెడు పిడికెడు వచ్చింది. లెక్కల మాస్టారు చూస్తే తప్పు అంటాడు, కానీ శివారు చేల దగ్గర నిలబడి చూస్తే లెక్క సరిపోద్ది. పరిహారం పంచుకోవచ్చు, తలా వెయ్యి, తలా రెండొందలు, అది డబ్బు కాబట్టి భాగాలవుద్ది. చెయ్యకుండా ఉండాల్సింది, చేశాను అన్నది మాత్రం ఎవరి పిడికిలి వాళ్ళదే. లస్కరు లంచం తీసుకున్నాడని తేలినా నీ తూము అరగంట తెరిచే ఉంది.

మరి ఎవరినీ ఏమీ అనకుండా, అందరిదీ అని వదిలేస్తే? అదీ ప్రమాదమే. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. తర్వాత వినబడిన మాటల్లో ఎక్కువసార్లు వినబడింది ఇది, జనం అంతా ఒకే ఘాట్‌కి ఎందుకెళ్ళారు, ఒకే ముహూర్తానికి మునగాలని ఏంటి ఆ మూఢనమ్మకం. జనం అనే మాటలో ఒక సుఖం ఉంది, జనానికి సమన్లు పంపలేం. వెనక నుంచి తోసినోడిని ఇంకా వెనకనున్నోడు తోశాడు, వాడికి ముందు ఏమవుతోందో కనబడదు, అక్కడ టీకొట్టు చేతికున్నంత అమాయకత్వం వాళ్ళకీ ఉంది. ఎంతమంది వస్తారు, ఎటు రావాలి, ఎటు పోవాలి అని ఎత్తు మీద నిలబడి చూడగలిగే చోటు ఉన్నవాళ్ళకి ఆ అమాయకత్వం లేదు. ఎవరికి కనబడుతోందో, ఎవరి చేతిలో ఆపే అవకాశం ఉందో వాళ్ళ దగ్గర బరువు ఎక్కువ, ఇది కక్ష కాదు. మామూలుగా మాత్రం తప్పు అతి తేలిగ్గా అతికేది కింద ఉన్నోడికే, డ్రైవరు, లస్కరు, నర్సమ్మ, లైన్‌మ్యాను.

తిట్టడం గురించి కూడా ఒక మాట. పీటర్ స్ట్రాసన్ అనే ఇంకో ఇంగ్లీషు ఫిలాసఫర్ 1962లో అన్నదేంటంటే, ఒకరి మీద మనకి కోపం, కినుక రావడమంటేనే వాళ్ళని మనిషిగా లెక్కేసినట్టు అని, తాటిచెట్టు మీద పడితే చెట్టుని నిలదియ్యం కదా. మనకి దీనికి ఒక చక్కటి మాట ఉంది, నిష్ఠూరం. నిష్ఠూరం పరాయివాళ్ళ మీద ఆడరు, బంధం ఉన్నచోటే ఆడతారు, పెళ్ళికి పిలవలేదని మేనత్త ఆడేది తిట్టు కాదు, ఇంకా నువ్వు నా మనిషివే అని చెప్పడం. గట్టు పక్క రైతు ఏరా అబ్బాయ్ అని మొదలుపెట్టినంతసేపూ అది నిష్ఠూరమే. ఏవండీ, మీరు, ఆఫీసులో తేల్చుకుందాం అన్నాడంటే బంధం తెగినట్టు లెక్క, డెల్టాలో మర్యాద పెరిగితే అనుమానించాలి.

మన చేను దగ్గరికి వస్తే, పెద్దమనుషులు కూర్చున్నారు, కౌలు కుర్రాడు ఊట బోదె తవ్వడానికి పొక్లెయిన్ కిరాయి ఒప్పుకున్నాడు, ఎర్రబడిన వరసలకి నారు కొనిపెడతానన్నాడు. తప్పు నాది అని మాత్రం అనలేదు, ఏమనుకోకు బాబాయ్ అన్నాడు, బాబాయ్ అది చాల్లే అనుకున్నాడు. ఓనరు మీటింగ్‌లో ఉన్నా, రాత్రికి చేస్తానన్నాడు.

ఇప్పుడు చేలో ఉప్పు కడగాలి. దానికి ఒకటే దారి, కాలవ నీళ్ళు నిండా పెట్టి, ఒక రోజు నిలవగట్టి, గండి కొట్టి వదిలెయ్యాలి, రెండు మూడుసార్లు అలా చేస్తే ఉప్పు చాలావరకు పోద్ది. మురుగు బోదె పూడిపోయి ఉంది, అది బాగు చేయించాలంటే ఇంకో నెల. రాత్రి తొమ్మిదింటికి రైతు టార్చిలైటు పట్టుకుని చేలోకి దిగి, కింద చేను వైపు గట్టుకి పారతో ఒక్క పోటు పొడిచాడు. నీళ్ళు ఆ చేలోకి దిగుతున్న చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాడు. ఆ చేను వాళ్ళు నాట్లు వేసి వారమే అయింది.